మిద్దె మీద పంట, మైకులో పేరు

మా అత్తకు సెంటు భూమి లేదు. ఇది ముందే చెప్పేస్తే ఈ టమాటాల గొడవంతా ఎందుకొచ్చిందో మళ్లీ మళ్లీ చెప్పే పని నాకు తప్పుతుంది. ఆస్పరి దగ్గర ఒక పల్లెకు కోడలిగా వచ్చిన నాటి నుంచి మోకాళ్లు మొరాయించే దాకా ఆమె ఒకే ఆసామి చేలల్లో కూలికి పోయింది. ఆయన చేలో కలుపు తీసింది, ఆయన పత్తి ఏరింది, ఆయన టమాటాలు కోసి గంపలకెత్తింది. పొద్దున్నే ఆ ఇంటి దొరసాని నుంచి కబురొచ్చేదట, "ఎండ పడకముందే రమ్మను" అని. కబురు తెచ్చేవాళ్లు మారారు గానీ కబురు మారలేదు. ఇప్పుడు ఆ ఆసామి ఆదోనిలో మేడ కట్టుకుని, మేం పోయే చర్చికే కమిటీ పెద్దగా ఉన్నాడు. అందరూ ఆయన్ను పెద్దాయన అంటారు. నేనూ అంతే అంటాను, వయసులో పెద్దవాడే కదా.

మా చర్చిలో ఏటా క్రిస్మస్ దాటాక, చలి ఇంకా ఉండగానే కోత పండుగ చేస్తారు. ఎవరి పంటలో తొలి ఫలం వాళ్లు తెచ్చి ఆల్తారు ముందు పెట్టాలి. పాస్టరు అయ్యగారు మైకులో ఒక్కో ఇంటివాళ్ల పేరూ, తెచ్చిన వస్తువూ చదివి ప్రార్థన చేస్తారు. తర్వాత బయట షామియానా కింద అవన్నీ వేలం వేస్తారు. పల్లెల్లో ఈ పండుగకు ఒక అర్థముంది. ఆదోనిలో బ్యాంకులో కూర్చునేవాళ్లు, బస్సు తోలేవాళ్లు, నాలాగా ప్రైవేటు బడిలో తెలుగు వాచకం చెప్పేవాళ్లు ఏం పండిస్తాం? కాబట్టి శనివారం సాయంత్రం కూరగాయల మార్కెట్టుకు పోయి పండిస్తాం. గుమ్మడికాయ బాగా పండుతుంది, సంచీలో పట్టడమే కష్టం. ఒక ఏడు ఒకాయన ఆపిల్ పండ్ల పెట్టె తెచ్చాడు. కర్నూలు జిల్లాలో ఆపిల్ చెట్టు ఎక్కడుందని ఎవరూ అడగలేదు. మన సహోదరుని ప్రథమ ఫలం అని అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. కళ్లు తెరిస్తే పండ్ల మీద స్టిక్కర్లు కనపడతాయని కాబోలు, ఆ రోజు ప్రార్థన కాస్త పొడుగ్గానే సాగింది.

అత్త పల్లెలో ఉన్నప్పుడు కూడా ఈ పండుగకు ఖాళీ చేతులతో పోలేదు. పెద్దాయన గంపను ఆమె నెత్తినే పెట్టేవాళ్లు. పల్లె చర్చి వాకిలి నుంచి ఆల్తారు దాకా మోసి, దించి, వెనక చాపల మీదికి పోయి కూర్చునేది. మైకులో పేరు ఆయనది. "మోసింది నేను, సదివింది ఆయప్ప పేరు" అని అప్పుడప్పుడు చెప్పేది. కోపంగా కాదు, ఫలానా ఏడు వాన రాలేదని చెప్పినట్టు చెప్పేది.

ఆదోనిలో మా దగ్గరికి వచ్చిన రెండో ఏడు, కోత పండుగ నుంచి వచ్చి ఆమె అన్నం ముట్టలేదు. ఆ రోజు మా ఇంటి తరఫున నా మొగుడు మార్కెట్టులో కొన్న సొరకాయ పెట్టాడు. మైకులో అతని పేరే చదివారు.

"వచ్చే ఏడు నేను పెడతా" అంది అత్త. "నేను పండించింది పెడతా. మైకులో నా పేరు సదవాల."

"దానికేముందిమ్మా. పెద్ద గుమ్మడికాయ కొనిస్తా, నీ పేరు మీదనే పెట్టు" అన్నాడు ఆమె కొడుకు.

"కొనిచ్చేది నువ్వు. నాదెట్లయితాది?"

నా మొగుడు పత్తి జిన్నింగు మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాడు. బండి ఎంత తూగిందో చెప్పగలడు, బండి ఎవరిదో అడిగితే కాగితం చూడాలంటాడు.

మాకున్నదల్లా అద్దెకు తీసుకున్న పై వాటా, దాని మీద మిద్దె. మిద్దె నిండా నీళ్ల డ్రమ్ములు. ఆదోని సంగతి తెలియని వాళ్లకు ఈ డ్రమ్ముల సంగతి చెప్పాలి. మా ఊర్లో కుళాయి నీళ్లు చుట్టం చూపుగా వస్తాయి. ఎప్పుడొస్తాయో చెప్పవు, వచ్చాక ఎక్కువసేపు నిలవవు. అందుకని ప్రతి ఇంట్లో నీలం డ్రమ్ములు ఉంటాయి. వరండాలో, మెట్ల కింద, మంచం పక్కన, దేవుని పటం కింద. ఇంటికి రంగు లేకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, డ్రమ్ము పగిలిందంటే మాత్రం పలకరించడానికి వస్తారు. నాది ఎమ్మిగనూరు. అక్కడా నీళ్లకు తిప్పలే గానీ ఈ భక్తి లేదు. మా అమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చుట్టూ చూసి, "మీ ఇంట్లో మనుషులు డ్రమ్ముల మధ్య కాపురముండారు గదే" అంది. నా మొగుడు దాన్ని మెప్పుగా తీసుకున్నాడు.

అత్త ఆ డ్రమ్ముల్లో ఒకదాన్ని అడ్డంగా కోయమంది.

నా మొగుడు డ్రమ్ము వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఎవరిని కాపాడాలో తేల్చుకోలేని మొహం. "బాగుండే డ్రమ్మును కోసేదేందిమా? యాడన్నా పగిలింది దొరికితే సూద్దాం" అన్నాడు. పగిలిన డ్రమ్ము ఆదోనిలో దొరకదు. దానికి అతుకేసి మళ్లీ నీళ్లు పడతారు. రెండు వారాలు వెతికి, చివరికి ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక రంపపు బ్లేడుతో కోశాడు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ చప్పుడు విని పైకొచ్చింది. వాళ్లు పత్తి వ్యాపారం చేసే షావుకార్లు. సగానికి తెగిన డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. ఆ తర్వాత, "ఇంట్లో అంతా బాగుండారా టీచరమ్మా" అని అడిగింది.

డ్రమ్ము రెండు ముక్కలకు తోడు పామోలిన్ డబ్బాలు, రంగుల బకెట్లు, పాత కూలరు తొట్టి చేరాయి. మన్ను దగ్గర మళ్లీ పేచీ. ఊరి చుట్టూ ఉన్న నల్లరేగడి తెస్తానన్నాడు కొడుకు. అది తడిస్తే జిగురు, ఎండితే రాయి, వద్దంది అత్త. ఎర్రమన్ను కావాలని ఆస్పరి బస్సెక్కి పోయి, గోనె సంచుల్లో నింపుకొచ్చింది. బస్సులో కండక్టరు సంచి తన్ని చూసి ఏముందని అడిగాడంట. మన్ను అంటే నమ్మలేదంట. మూతి విప్పి చూపించాక, "అవ్వా, ఆదోనిలో మన్ను కూడా దొరకడం లేదా?" అన్నాడంట. ఈ మాట చెప్పి అత్త రెండు రోజులు నవ్వింది.

విత్తనం మాత్రం కొననియ్యలేదు. పల్లెలో పాత నేస్తం ఇంటి పెరట్లో పండిన నాటు టమాటాలు తెచ్చింది. అవి గుండ్రంగా, చుట్టూ మడతలు పడి, గుమ్మడికాయకు పుట్టిన పిల్లల్లా ఉంటాయి. ఆ గింజలు పిసికి, బూడిదలో కలిపి, ఆరడానికి గోడకు అలికింది. ఎండ బాగా పడే గోడే చూసుకుంది. ఆ గోడకు ఇంటి ఓనరు ముందు నెలలోనే రంగు వేయించాడు. ఆయన పైకొచ్చి, బూడిద మరకలను చాలాసేపు చూసి, ఏమీ అనకుండా కిందికి పోయాడు. అనకుండా పోయేవాళ్లతోనే ఎక్కువ భయం. మరుసటి నెల నుంచి మిద్దె మీదికి పోయే తలుపుకు తాళం కప్ప వచ్చింది. తాళం చెవి ఇమ్మని ఓనరమ్మను అడగడానికి అత్త రోజూ కిందికి దిగి, అక్కడే కూర్చుని, ఆమె పెట్టిన టీ తాగి, మోకాళ్ల నొప్పులు ఇద్దరూ పంచుకుని వచ్చేది. కొన్నాళ్లకు ఓనరమ్మే విసుగెత్తి చెవి ఇచ్చేసింది. టీ ఖర్చు లెక్కేసుకుని ఉంటుందని నా మొగుడు అన్నాడు. అలాంటి లెక్కలు అతనికే తడతాయి.

ఇక ఫోను వీడియోలు. నా మొగుడు రాత్రికి రాత్రి మిద్దె తోటల పండితుడయ్యాడు. టోపీ పెట్టుకున్న ఒకావిడ "హాయ్ ఫ్రెండ్స్" అంటూ వస్తుంది. కొబ్బరి పొట్టు అంటుంది, అరటి తొక్కల కషాయం అంటుంది, గుడ్డు పెంకుల పొడి అంటుంది. మొక్కతో రోజూ మాట్లాడమంటుంది. అత్త అన్నీ శ్రద్ధగా విని, "ఈయమ్మ వంటంతా మొక్కలకేనా, మొగునికి కూడా పెడతాదా?" అంది. వీడియోలో ఆ టోపీ ఆవిడ అన్నిటికంటే ముందు చెప్పిన మాట ఒకటుంది. డబ్బా అడుగున బొక్కలు పెట్టండి, నీళ్లు దిగిపోవాలి అని. ఆ మాట మేం ముగ్గురం విన్నాం. విని, ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

డ్రమ్ముకు బొక్క పెట్టడమంటే ఏమిటో ఆదోనిలో పుట్టినవాడికే తెలుస్తుంది. జీవితమంతా బొక్కలు పూడ్చుకుంటూ వచ్చిన చేతులవి. ఎం-సీల్ లప్పం రాసి, ప్లాస్టిక్ కరిగించి అంటించి, సబ్బు బిళ్ల అదిమి, ఒక్క చుక్క పోకుండా చూసుకున్న చేతులు. ఆ చేతులతోనే అడుగున బొక్క పెట్టాలా? "ఈయమ్మది బెంగుళూరు అయ్యుంటాది. వాళ్లకు నీళ్లు ఎక్కువ" అని తేల్చాడు నా మొగుడు. అత్త కూడా తలూపింది. చేలో నీళ్లు ఎటు పోతాయో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. చేనుకు అడుగు ఉండదు కదా. నాకైతే డబ్బాల మన్ను కంటే పరీక్ష పేపర్ల మీదే ధ్యాస.

నారు బాగానే లేచింది. ఆకు ముదురుపచ్చగా, కాడ బలంగా ఉండింది. ఓనరమ్మ కూడా చూసి మెచ్చుకుంది. తర్వాత ముసురు పట్టింది. మా వైపు వాన పడితే పండగే, నీళ్లు పట్టుకోవడానికి ఊరంతా మిద్దెల మీద ఉంటుంది. మేం కూడా పైకెక్కి, డ్రమ్ములు నింపుకుంటూ, పక్కనే టమాటా మొక్కలకు కూడా నిండా నీళ్లు అందుతున్నాయని సంబరపడ్డాం. వాన తెరిపిచ్చిన నాలుగో రోజుకు ఆకులు పసుపు తిరిగాయి. వారానికి కాడలు నల్లబడ్డాయి. అత్త ఒక మొక్కను పట్టుకుంటే చేతికి ఊడివచ్చింది. వేరు లేదు, కుళ్లిన జిగురుంది. మన్ను వాసన చూసి, మా ఇద్దరి వైపు చూసి, "టోపీయమ్మ సెప్పింది గదరా" అంది. ఆమె కూడా తలూపిందని గుర్తు చేసేంత ధైర్యం మాకు లేదు.

కోత పండుగకు ఇంకా నెలలు ఉన్నాయి గానీ మళ్లీ నారు పోసి, నాటి, కాయ పండే దాకా చూస్తే మిగిలేది ఏమీ లేదు. మరుసటి రోజు పొద్దున్నే స్టవ్వు మీద ఇనుప కడ్డీ కాలుతున్న వాసనకు లేచాను. అత్త మిద్దెకెక్కి, ఒక్కో డబ్బాను బోర్లించి, ఎర్రగా కాలిన కడ్డీతో పొడుస్తోంది. ప్లాస్టిక్ కాలిన పొగలో, చీర కొంగు మూతికి కట్టుకుని, ఏ డబ్బానూ వదల్లేదు. చేతికి చిక్కితే మంచి నీళ్ల డ్రమ్మును కూడా పొడిచేదేమో, నా మొగుడు దానికి అడ్డంగా నిలబడ్డాడు.

రెండో నారుకు నీళ్ల కష్టం వచ్చింది. వాన పోయింది, కుళాయి రాదు, బొక్కల డబ్బాలు తాగిందంతా కిందికి వదిలేస్తున్నాయి. అప్పటి నుంచి మా ఇంట్లో స్నానాలు తొట్టిలో కూర్చుని చేయాలి. ఒళ్లు కడిగిన నీళ్లు బకెట్టులో ఎత్తి మిద్దెకు మోయాలి. సబ్బు వాడితే అత్త ఊరుకోదు, మొక్క చస్తుందంటుంది. నేను బడికి పోయే మనిషిని, సబ్బు లేకుండా ఎట్లా? శెనగపిండి ఇచ్చింది. దసరా సెలవుల దాకా నా ఒంటి నుంచి బజ్జీల వాసన వచ్చేది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, కింది ఓనరమ్మ పప్పు కడిగిన నీళ్లు, అన్నీ మిద్దెకే.

మొక్కలు ఎత్తు పెరిగి కట్టెలు కావాల్సి వచ్చాయి. మిల్లులో నా మొగుడితో పనిచేసే ఒకాయనది హోళగుంద వైపు. ప్రతి దసరాకు దేవరగట్టు కర్రల సమరానికి కర్రతో పోయి, తలకు కట్టుతో తిరిగొచ్చే మనిషి. ఆ ఏడు తల బాగానే ఉంది గానీ ఇంట్లో భార్య ఇక పోతే చంపుతానందంట. అందుకని తన కర్రను మా మొక్కలకు ఇచ్చేశాడు. ఆ కర్ర చుట్టూ మా టమాటా తీగ కాలు మీద కాలేసుకుని పెరిగింది. ఒకరోజు ఆకుల మీద తెల్లగా ఏదో పట్టింది. నా మొగుడు వీడియో చూసి, తెల్ల పురుగు అని నిర్ధారించి, వేపనూనె కలిపి కొట్టాడు. అత్త వచ్చి, వేలితో తీసి చూసి, మిల్లుల నుంచి ఎగిరొచ్చిన పత్తి నూగు అని చెప్పింది. పత్తి మిల్లులో పనిచేసేవాడు పత్తిని గుర్తుపట్టలేదని ఓనరు ఇంట్లో చాలా రోజులు నవ్వుకున్నారు. అతను మాత్రం వేపనూనె ఎప్పటికైనా మంచిదే అన్నాడు.

కాయ దిగే సమయానికి టమాటా ధర పడిపోయింది. ఇది మా వైపు ఏటా చూసే తమాషానే. ఆస్పరి, దేవనకొండ వైపు రైతులు మార్కెట్టుకు తెచ్చిన సరుకు తిరిగి తీసుకుపోయే బాడుగ కూడా దండగని రోడ్డు పక్కన కుమ్మరించేస్తారు. ఆవులు కూడా వాసన చూసి తప్పుకుపోతాయి. ఆ వారమే మా వీధిలో వాళ్లంతా మిద్దెకెక్కి అత్త పంటను చూసిపోయారు. ఒకాయన, "రోడ్డు మీద ఊరికే దొరికేదానికి ఇంత యాతన ఏంటికి అవ్వా?" అన్నాడు. "రోడ్డు మీద దొరికేది రోడ్డుది" అంది అత్త. ఆయనకు అర్థమైనట్టు లేదు. తాను కూడా ఒక సంచి ఏరుకొచ్చానని చెప్పి పోయాడు.

మాకు మాత్రం ఆ కాయలు ముట్టుకునే హక్కు లేదు. తొలి ఫలం దేవునిది, ఆ తర్వాతే మనది అంది అత్త. మిద్దె మీద టమాటాలు ఎర్రగా వేలాడుతుంటే నేను బజారులో టమాటాలు కొని పప్పు చేశాను. ఆ పప్పు తింటూ నా మొగుడు పైకప్పు వైపు చూసేవాడు. కోతులు వస్తాయని అత్త పగలంతా మిద్దె మీదే గొడుగేసుకుని కూర్చునేది.

పండుగ రోజు తెల్లవారకముందే ఆమె కాయలు కోసింది. ప్రతి కాయా తుడిచి, తన పెళ్లినాటి చిన్న గంపలో సర్ది, పైన తెల్లగుడ్డ కప్పింది. ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నెత్తిన పెట్టుకోవా అత్తా అని నేను నవ్వితే, "నెత్తిన పెట్టుకునేది వేరేవాళ్లది" అంది. ఆల్తారు ముందు దించి, స్త్రీల సమాజం వాళ్లకు ఇవి నావని చెప్పి, ఈసారి చాపల మీదికి కాకుండా ముందు వరుస ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కొడుకును, నన్ను చెరో పక్కన కూర్చోబెట్టుకుంది. కొత్త చీర కట్టిన మనిషి లాగా మాటిమాటికీ కుచ్చిళ్లు సర్దుకుంది.

అంతలో పెద్దాయన టమాటాలు వచ్చాయి. మామూలుగా ఒక గంప తెచ్చే మనిషి ఆ ఏడు జీపు వెనక నిండా క్రేట్లు తెచ్చాడు. ధర లేనప్పుడు భక్తి పెరగడం సహజం. పారబోసే బాడుగ మిగులుతుంది, పైగా ఆశీర్వాదం వస్తుంది. కోలగా, నున్నగా, ఒకే అచ్చులో పోసినట్టుండే హైబ్రిడ్ కాయలు. స్త్రీల సమాజం అక్కలు ఆల్తారు ముందు అలంకరణ మొదలుపెట్టారు. గుమ్మడికాయలు ఒక పక్క, అరటిగెలలు ఒక పక్క, మధ్యలో టమాటాల గుట్ట. గుట్ట నిండుగా కనపడాలని పెద్దాయన క్రేట్లన్నీ కుమ్మరించారు. అత్త గంప కూడా ఎత్తి అందులోనే కుమ్మరించి, ఖాళీ గంపను తెచ్చి మా కుర్చీ కింద పెట్టిపోయారు. మేం చూస్తూనే ఉన్నాం. నవ్వుతూ తెచ్చి పెట్టేసరికి ఏం జరిగిందో మాకు వెంటనే అందలేదు.

అయ్యగారు చదవడం మొదలుపెట్టారు. ఫలానా కుటుంబం, గుమ్మడికాయ. ఫలానా కుటుంబం, కోడిపుంజు. పుంజు కూడా తన వంతుగా కూసింది. పెద్దాయన పేరు బిరుదులతో సహా వచ్చింది, టమాటాలు, గుట్ట మొత్తం. "దేవుడు వారి పొలాన్ని దీవించును గాక" అన్నారు. ఆ తర్వాత పది ఇళ్లు చదివారు, చదవడం అయిపోయింది, అందరూ లేచి నిలబడి కీర్తన అందుకోబోతున్నారు. అత్త పేరు రాలేదు.

ఆమె కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. మోకాళ్లు కదిలే దాకా కాసేపు ఆగి, ఖాళీ గంప చంకన పెట్టుకుని, ఆల్తారు ముందుకు పోయి నేల మీద కూర్చుంది. గుట్టలోంచి తన కాయలు ఏరి గంపలో వేసుకోవడం మొదలుపెట్టింది. ఏరడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నున్నటి కోల కాయల మధ్య మడతల కాయలు చంటిపిల్లలకు కూడా కనపడతాయి. కీర్తన మొదటి చరణం దగ్గరే ఆగిపోయింది. హార్మోనియం మాత్రం ఎందుకు ఆగిందో తెలియక ఇంకో రెండు మెట్లు వాయించింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నారు అయ్యగారు.

"నావి ఏరుకుంటుండా అయ్యగారూ."

పెద్దాయన ముందు వరుసలోంచి లేచి వచ్చాడు. ఆయనకు కోపం రాలేదు, అదే అన్యాయం. పసిపిల్లకు నచ్చజెప్పినట్టు వంగి, "ఎవరివైతే ఏముందమ్మే. అన్నీ దేవునివే గదా. ఆయనకు తెల్సు" అన్నాడు.

"దేవునికి తెల్సులే అయ్యా" అంది అత్త, చేతులాపకుండా. "ఆయనకు మైకు పన్లేదు. మీకు తెల్యాలనే తెచ్చినా."

చర్చి మొత్తానికి వినపడింది. అయ్యగారి చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది. స్త్రీల సమాజం అక్క ఒకామె సిగ్గుపడి, సాయం చేద్దామని పక్కన కూర్చుంది. తానూ ఏరబోతే అత్త ఆమె చెయ్యి మెల్లగా పక్కకు పెట్టింది. నా మొగుడు నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లయిన నాటి నుంచి చర్చిలో నా చెయ్యి పట్టుకున్నది అదొక్కసారే, భయంతో.

గంప నిండాక అత్త దాన్ని పట్టుకుని నిలబడింది. ఇక చదవక తప్పదని అయ్యగారికి తెలిసింది. మైకు నోటి దగ్గర పెట్టుకున్నారు, నోరు తెరిచారు, ఆగిపోయారు. మైకును కాస్త పక్కకు తిప్పి, గుసగుసగా, "అమ్మా, నీ పేరేందమ్మా?" అన్నారు. ఎంత పక్కకు తిప్పినా స్పీకర్లకు పక్కలుండవు. వారం వారం ఆమె చేతికి ప్రభు రాత్రి భోజనపు రొట్టె అందించే మనిషి, ఆమె పేరు తెలియదని ఊరందరి ముందు ఒప్పుకున్నాడు. ఆయన్ను అనేదేముంది, నా మొగుడి పేరు తెలుసు, నా పేరు తెలుసు, ఆమె ఎప్పుడూ ఒకరికి తల్లి, ఒకరికి అత్త. పెద్దాయనకు తెలిసి ఉండాలి. ఆయన వైపు చూశాను. ఆయన గుట్ట వైపు చూస్తున్నాడు.

అత్త మైకు తీసుకుని తన పేరు తానే చెప్పింది. ఇంటి పేరుతో సహా. మొగుని పేరు కలపలేదు, కొడుకు పేరు కలపలేదు. "టమాటాలు" అంది. "మిద్దె మీద పండించినా." మైకు తిరిగిచ్చి వచ్చి కూర్చుంది. చర్చి గోపురం మీద స్పీకరు మార్కెట్ యార్డు దాకా వినపడుతుంది కాబట్టి ఆ పేరు నేను మళ్లీ ఇక్కడ రాయాల్సిన పని లేదు.

వేలంలో ఆమె గంప వంతు వచ్చినప్పుడు ముందు ఎవరూ నోరు విప్పలేదు. ఎవరి ఇంటి వస్తువు వాళ్లే పాడకూడదు గనుక నా మొగుడు ఎత్తిన చెయ్యి దించేశాడు. చివరికి ఆపిల్ పండ్లు పండించిన ఆయనే వేలం పాట మొదలుపెట్టాడు. దానితో ఇంకొకాయనకు ఊపొచ్చింది. పెద్దాయన ఊరుకుంటే మర్యాద దక్కదు, దిగక తప్పలేదు. దిగాక ఓడిపోతే ఇంకా మర్యాద దక్కదు. పాట పెరిగింది, పెరిగి ఆయన దగ్గరే ఆగింది. చేను నిండా టమాటాలు పెట్టుకుని, జీపుతో పారబోసుకుని, ఆ మనిషి ఒక గంప టమాటాలు డబ్బులిచ్చి కొనుక్కుని ఇంటికి పోయాడు. గంప తానే మోసుకుపోయాడు, ఆ రోజు మోయడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో మొదటిసారి మా టమాటాలతో పప్పు చేశాను. పుల్లగా, ఘాటుగా, నాలుక మీద నిలబడేలా ఉంది. నా మొగుడు మూడుసార్లు వడ్డించుకున్నాడు. అత్త ఒక్క ముద్ద తిని, ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది. నాకు ఎందుకో ఏడుపొచ్చింది, ఉప్పు చాలలేదని మాత్రం కాదు.

తర్వాతి వారం పెద్దాయన ఇంట్లో పనిచేసే ఆమె మా మెట్లెక్కి వచ్చింది. అత్త అప్పుడు మిద్దె మీద, నా స్నానం నీళ్లు మొక్కలకు పోస్తోంది. "అవ్వా, దొరసాని పంపింది" అంది వచ్చినామె. "ఆ టమాటాలతో రసం శానా బాగుండాదంట. మా సేను కాయలు నీళ్ల మాదిరి ఉండాయి, ఇవి ఇంకొన్ని కోసి పంపమనింది."

అత్త చెంబు పక్కన పెట్టి, దేవరగట్టు కర్రకు చుట్టుకున్న తీగను సర్దింది. కాయలు బాగానే ఉన్నాయి, ఎర్రబడుతున్నవి చాలా కనపడుతున్నాయి.

"ఉండాయిలే" అంది. "రేప్పొద్దున వచ్చి కోసుకోమని సెప్పు మీ దొరసానికి. ఎండ పడకముందే రమ్మను. కూలి ఇస్తాలే."